మడత చాకు: అరుగుదల, లోపము

మడత చాకు లేని ఇల్లు అరుదు. పెద్దవారి జేబులోనో, బల్ల సొరుగులోనో, ప్రయాణపు సంచిలోనో అది యుండును. మామిడిపండు ముక్కలు చేయుటకు, పిల్లల పెన్సిలు చెక్కుటకు, పొట్లమునకు కట్టిన పురికొస తెంచుటకు, తోటలో తీగ కోయుటకు దానిని వెలికి తీయుదుము. పని కాగానే మడిచి మరచిపోవుదుము. అది సరిగా తెగనప్పుడు మాత్రమే దానివంక చూతుము. వాడి తగ్గినదనుకొని సానపట్టింతుము. అంతటితో మన శ్రద్ధ ముగియును.

కాని వంటకత్తికిని మడత చాకునకును ముఖ్యమైన భేద మొకటి కలదు. వంటకత్తి అలుగు పిడిలో స్థిరముగా నాటుకొని యుండును. మడత చాకు అలుగు కీలుమీద తిరుగును. తిరుగును గనుకనే జేబులో ఇముడును. తిరుగును గనుకనే పని నడుమ వ్రేళ్లమీదికి మూతపడనుగలదు. కావున చాకును పరీక్షించువారు వాదరకంటె ముందు కీలును చూడవలెనని మా మనవి.

చాకులో కనిపించు దోషములు రెండు విధములు. వాడుకవలన వచ్చునది అరుగుదల. తయారీలోనే ఉన్నది లోపము. అరుగుదలను చాలవరకు ఇంటిలోనే సరిచేసికొనవచ్చును. లోపమును మనము సరిచేయుట కష్టము. ఈ రెంటిని వేరుచేసి చూడనివారు, కొంచెము అరిగిన మంచి చాకును పారవేయుదురు. లోపమున్న చాకును సానపట్టించి దాచుకొందురు. మొదటిది ధననష్టము, రెండవది ప్రమాదము.

మడత చాకు క్రొత్త వస్తువు కాదు. ప్రాచీన రోమకులు వాడిన మడత చాకులు నేటికిని వస్తు ప్రదర్శనశాలలలో నున్నవి. తరువాతి కాలమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరము వీటి తయారీకి పేరుగాంచెను. ఫ్రాన్సులో, ఆల్ప్సు పర్వతప్రాంతమగు సవోయిలో, జోసెఫ్ ఒపినెల్ 1890లో కఱ్ఱపిడి గల సామాన్యమైన చాకును రూపొందించెను. స్విట్జర్లండులో కార్ల్ ఎల్జెనర్ 1891లో సైనికులకు చాకుల నందజేసెను. మన దేశమున ఉత్తర ప్రదేశములోని రాంపూరు చాకులు ప్రసిద్ధములు. ఇన్ని రకము లున్నను, కీలు పనిచేయు విధమునుబట్టి వీటిని రెండు తెగలుగా చెప్పవచ్చును. ఒక తెగలో అలుగును స్ప్రింగు ఒత్తిడి మాత్రమే నిలుపును. రెండవ తెగలో తాళమువంటి అడ్డు ఒకటి యుండును. ఒపినెల్ చాకునకు మొదట అట్టి అడ్డు లేదు. తిప్పి బిగించు ఉక్కు కంకణము 1955లో చేరెను.

తాళములేని సామాన్యపు చాకు నిర్మాణము తెలిసికొన్నచో దోషములు గుర్తించుట సులభము. అలుగు మొదలు గుండ ఒక చీల పోవును. అలుగు ఆ చీల చుట్టు తిరుగును. పిడి వెన్నులో ఒక ఉక్కు స్ప్రింగు ఉండి, అలుగు మొదలును ఒత్తుచుండును. తెరచినప్పుడును మూసినప్పుడును అలుగు ‘టక్కు’మని నిలుచుట ఈ ఒత్తిడివలననే. వాదర ప్రారంభమగు చోటికి కొంచెము ముందు అలుగునకు చిన్న బొడిపె యుండును. చాకు మూసినప్పుడు ఈ బొడిపె స్ప్రింగుమీద ఆనుకొని, వాదర స్ప్రింగునకు తగులకుండ కాపాడును. చీల, స్ప్రింగు, బొడిపె, ఈ మూడును చాకునకు ఆయువుపట్లు.

మొదటి పరీక్ష చెవితో చేయవచ్చును. చాకును మెల్లగా తెరచినప్పుడు స్పష్టమైన శబ్దము వినిపించినచో స్ప్రింగు బాగున్నదని భావింపవచ్చును. శబ్దము మందముగా నున్నను, అలుగు బద్ధకముగా కదలినను, వెంటనే స్ప్రింగును నిందింపరాదు. జేబులోని నూలుపోగులు, ఇసుక, ఎండిన పండ్లరసము కీలులో చేరియుండవచ్చును. గోరువెచ్చని సబ్బునీటిలో చాకును ముంచి, పండ్లు తోముకొను పాత బ్రష్షుతో లోపల శుభ్రముచేసి, పలుమారులు తెరచి మూయవలెను. పిదప మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరనిచ్చి, కీలులో ఒక్క చుక్క నూనె వేయవలెను. కుట్టుమిషను నూనె ఇందుకు తగినది. తినుబండారములు కోయు చాకునకు మందుల దుకాణములో దొరకు లిక్విడ్ పారఫిన్ మేలు. వంటనూనెలు కొంతకాలమునకు జిగటగా మారి ధూళిని పట్టును గనుక పనికిరావు. ఇంత చేసినను అలుగు నిలువక వ్రేలాడినచో, స్ప్రింగు బలము తగ్గినదనియో పగిలినదనియో గ్రహింపవలెను. అట్టి చాకుతో పనిచేయరాదు.

రెండవ పరీక్ష చేతితో చేయవలెను. చాకును తెరచి, అలుగు వెన్నును రెండు వ్రేళ్లతో పట్టి ప్రక్కలకు మెల్లగా కదల్చవలెను. వెండ్రుకవాసి కదలిక పాత చాకులో సహజము. కంటికి స్పష్టముగా కనిపించునంత కదలినచో చీల వదులైనదన్నమాట. డబ్బాల మూతలు పెకలించుటకు, మరలు తిప్పుటకు చాకును వాడుట ఇందుకు ముఖ్యకారణము. చాకు కోయుటకేగాని పెకలించుటకు కాదు. చీలకు బదులు మర యున్నచో, దానిని కొద్దికొద్దిగా బిగించుచు, ప్రతిమారు తెరచి మూసి చూడవలెను. చీల కొట్టి బిగించినదైనచో, దాని ఒక తలను దాగలిమీద ఆనించి, రెండవ తలమీద చిన్న సుత్తితో తేలికగా తట్టవలెను. ఒక దెబ్బ ఎక్కువైనను అలుగు బిగిసిపోవును. కొమ్ముపిడి గాని కఱ్ఱపిడి గాని చిట్లును. చేతిపని అలవాటు లేనివారు దీనిని పనితెలిసిన కమ్మరికి అప్పగించుట మంచిది.

తాళముగల చాకులో మరియొక పరీక్ష కావలెను. అలుగు తాళముపై నిలిచియుండగా, వ్రేళ్లను మూతపడు దారినుండి తొలగించి, అలుగు వెన్నును కఱ్ఱబల్లమీద మెల్లగా తట్టవలెను. తాళము ఊడినచో ఆ చాకును ఆనాటినుండి వాడరాదు. తాళములో మురికి చేరియుండుట కారణమైనచో శుభ్రము చేసి మరల చూడవచ్చును. అప్పటికిని నిలువనిచో తయారుచేసినవారే బాగుచేయవలెను. నిలుచునో నిలువదో తెలియని తాళముకంటె తాళము లేకుండుటయే నయము. తాళము లేదని తెలిసిన చేయి జాగ్రత్తగా పనిచేయును; తాళమును నమ్మిన చేయి ఏమరియుండును.

ఇక వాదర సంగతి. వాదరను వెలుతురులో పైకెత్తి చూడవలెను. వాడియైన వాదర కంటికి కనిపించదు. మొద్దువారినచోట తెల్లని గీత మెరయును. సానరాయిమీద అలుగును ఎంత వాలుగా పట్టవలెనని పలువురికి సందేహము. నలుచదరపు కాగితపు మూలను సగమునకు మడిచినచో 45 డిగ్రీల కోణము వచ్చును. దానిని మరల సగము చేసినచో 22 డిగ్రీల పైచిలుకు వచ్చును. జేబుచాకునకు ఈ వాలు సరిపోవును. ఆ కాగితమును ప్రక్కన నుంచుకొని, రెండు ప్రక్కలను సమానముగా రాయవలెను. ఒక ప్రక్క రాయగా వాదర అవతల సన్నని లోహపు పొర చేతికి గరుకుగా తగులును. అంతవరకు రాసిన పిదపనే రెండవ ప్రక్కకు మార్చవలెను. చివరకు మంగలి కత్తిని నూరునట్లు తోలుపట్టీమీద వెనుకకు లాగినచో ఆ పొర పోయి వాదర నిగ్గుదేలును.

సానపట్టువారి చక్రము వేగముగా తిరుగును. ఆ వేడికి వాదర వెంట గోధుమరంగు గాని నీలిరంగు గాని తేలినచో, ఆ చోట ఉక్కు మెత్తబడినది. అట్టి వాదర ఎన్నిమారులు నూరినను వాడి నిలువదు. మాటిమాటికి నీటిలో ముంచి చల్లార్చుచు సానపట్టు పనివానికే చాకు నీయవలెను. బొడిపెను రాయి తాకకుండ చూడుమని గూడ చెప్పవలెను. బొడిపె అరిగినచో అలుగు లోతుగా దిగి, మూసిన ప్రతిమారు వాదర స్ప్రింగునకు కొట్టుకొనును. ఎన్నిమారులు సానపట్టించినను వాదరలో ఒక్కచోటనే నొక్కు పడుచున్నచో కారణ మిదియే కావచ్చును. అట్టి చాకును ‘టక్కు’మని వదలక, చేతితో ఆపి మెల్లగా మూయవలెను.

మొన విరిగిన చాకును బాగుచేయుటలో పలువురు పొరపడుదురు. క్రొత్త మొన తీయుటకు వాదరవైపు అరగదీయుదురు. అట్లు చేసినచో క్రొత్త మొన వెన్ను ఎత్తునకు చేరును. చాకు మూసినప్పుడు వెన్ను వెలుపలికి ఉండును గనుక, ఆ మొన పిడి దాటి పైకి పొడుచుకొని వచ్చి, జేబును చింపి చేతిని గీయును. కావున వెన్నువైపు అరగదీసి మొనను వాదరవైపునకు దించవలెను. అప్పుడు అది మూసిన పిడిలో దాగియుండును.

తుప్పు విషయమున ఉక్కు జాతి తెలియవలెను. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రేర్లీ క్రోమియము కలిపిన తుప్పుపట్టని ఉక్కును తయారుచేసినది మొదలు, చాకులలో దాని వాడుక పెరిగినది. అయినను దానికి తుప్పు అసలే పట్టదనుకొనరాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి అదియు మచ్చలు పడును. పాతరకపు కార్బను ఉక్కు మామిడికాయ, నిమ్మకాయ కోసినంతనే నల్లబడును. ఈ బూడిదవన్నె హానికరము కాదు. ఎఱ్ఱని తుప్పు మాత్రము ఉక్కును తినివేయును. సన్నని గరుకుకాగితమునకు నూనె రాసి తుడిచినచో పైతుప్పు పోవును. చీలదగ్గర లోతుగా దిగిన తుప్పు అపాయకరము. చాకును తోలుసంచిలో చిరకాలము దాచరాదు. తోలు తేమను పట్టియుంచును. కఱ్ఱపిడి తడిసి ఉబ్బినచో అలుగు బిగిసిపోవును. దానిని ఎండలోగాక నీడలో ఆరబెట్టవలెను, బలవంతముగా లాగరాదు.

తయారీలోని లోపములను కొనునప్పుడే పట్టుకొనవలెను. మూసిన చాకును పైనుండి చూచినచో అలుగు పిడి నడుమ నుండవలెను; ప్రక్కరేకునకు రాసికొనరాదు. మొన పైకి కనిపించరాదు. తెరచి వెలుతురునకు పట్టినప్పుడు స్ప్రింగునకును ప్రక్కరేకులకును నడుమ సందు కనిపించరాదు. క్రొత్త చాకులోనే అలుగు కదలినచో ‘వాడగా సర్దుకొనును’ అను మాటను నమ్మరాదు. వాడుకవలన వదులగునేగాని బిగియదు. రసీదు భద్రపరచుకొని, లోపము కనిపించిన చాకును మార్చి యిమ్మని అడుగవలెను. లోపముగల వస్తువును గూర్చి ఫిర్యాదుచేయు హక్కును 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టము మనకిచ్చుచున్నది. మనమే ఆకురాయి పట్టి బొడిపెనో స్ప్రింగునో రాచినచో, దుకాణదారు ఆ చాకును తిరిగి తీసికొనకపోవచ్చును. పైగా అరగదీసిన ఉక్కును మరల అతికించుట ఎవరి తరమును కాదు.

ఏ చాకును బాగుచేయవలెను, దేనిని విడువవలెనను ప్రశ్నకు సమాధానము క్లుప్తముగా చెప్పవచ్చును. మొద్దువారిన వాదర, విరిగిన మొన, పైతుప్పు, మురికి చేరిన కీలు, కొంచెము వదులైన చీల, ఇవి బాగుచేయదగినవి. పగిలిన స్ప్రింగు, నిలువని తాళము, పగులువారిన అలుగు, చీలదగ్గర తినివేసిన తుప్పు, ఇవి చాకును విడువవలసిన గుర్తులు. విడిచిన చాకును సొరుగులో పడవేయరాదు. పిల్లల చేతికి మొదట చిక్కునది అదియే. గట్టి కాగితములో చుట్టి, పైన తెలియునట్లు వ్రాసి, పాత ఇనుము కొనువారికి చెప్పి యీయవలెను.

నెలకొకమారు పది నిమిషములు చాలును. శబ్దము వినుట, అలుగును కదల్చి చూచుట, వాదరను వెలుతురులో చూచుట, ఒక చుక్క నూనె వేయుట, ఈ నాలుగును అలవాటైనచో మంచి చాకు ఒక తరమువారి చేతినుండి మరియొక తరమువారి చేతికి అందును. అట్లు అందించునాడు వాదర వాడిని మాత్రమే చూచి యీయరాదు. కీలు నమ్మదగినదని తెలిసికొని మరీ పిల్లల చేతికీయవలెను.