బోర్డు కనవడని పిల్లలు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాడల్లో మనం వింటున్న మాటే: వెనక బెంచీ పిల్లగాడు మొద్దు. బోర్డు కనవడకపోతే ఎట్ల చదువుతడు? వాణ్ణి వెనక కూసోబెట్టిందెవరో మనకెరికే.

పరీక్షకు పెద్దాసుపత్రి అక్కర్లేదు. ఆరు మీటర్ల దూరంలో అక్షరాల అట్ట, ఒక్కో కన్ను మూసి చదివించుడు, అంతే.

2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు 2023 జనవరి 18న ఖమ్మంలో రెండోసారి మొదలైంది. ముసలోళ్లకు అద్దాలొచ్చినయి, మంచిదే. ఎదిగే పిల్లల పవరు మారుతుంటది. ఏటేటా బడిలో, సంక్షేమ హాస్టల్లో పరీక్ష జరగాలె. అద్దాలు బడికే రావాలె. పట్నం పోతే కూలి పోతది.

అద్దాలు పెడితే ఆడపిల్లకు సంబంధం రాదనే మాట మనిండ్లల్లనే ఉంది. వాడ నడుమ బాబాసాహెబ్ విగ్రహానికి అద్దాలు లేవా?

బోర్డు దగ్గరికి పోయి రాసుకునే పిల్లల పేర్లు రాసుకురాండ్రి. సోమవారం ఎంఈఓ ఆఫీసుకు పోదాం.