మెదడు కోటలోనికి మందు

శరీరమునందలి అవయవములకు ఆహారమును, ఔషధమును చేరవేయునది రక్తమే. కాని మెదడు విషయమున ప్రకృతి ప్రత్యేకమైన కట్టుబాటు చేసినది. 1885లో పాల్ ఎర్లిక్ అను జర్మను వైద్యుడు జంతువుల దేహములోనికి రంగు నెక్కించి చూడగా, తక్కిన అవయవములకు రంగు పట్టినది, మెదడునకు పట్టలేదు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ మెదడు చుట్టునుండు ద్రవములోనికి రంగు నెక్కించెను. ఈసారి మెదడు రంగు తేలినది; తక్కిన దేహము తేలలేదు. నడుమ నేదియో గోడ యున్నదని దీనివలన స్పష్టమైనది. 1967లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా, మెదడులోని సన్నని రక్తనాళముల కణములు సందులేకుండ అతుకుకొని యుండుట కనబడినది.

ఈ గోడ మనకు పెట్టనికోట. రక్తములోని విషపదార్థములు పెక్కు ఇచ్చటనే ఆగిపోవును. చిక్కేమనగా, కొన్ని వైరసులు దీనిని దాటగలవు. ఎయిడ్సు వ్యాధికి మూలమైన హెచ్.ఐ.వి. తెల్లకణములలో దాగి, వాటితోపాటే మెదడును చేరును. దానిని వెన్నంటి పోవలసిన మందులలో కొన్ని గోడ దాటలేవు. గోడకణములలో ప్రవేశించిన మందును సైతము పి-గ్లైకోప్రొటీన్ అను ద్వారపాలకుడు తిరిగి రక్తములోనికి నెట్టివేయును. ప్రోటియేజ్ నిరోధకములను మందులకు పట్టుచున్న గతి ఇదియే. అందుచేత రక్తపరీక్షలో వైరసు కానరాకున్నను, మెదడులో అది తలదాచుకొని యుండవచ్చును.

గోడను కొంతసేపు తెరచు ఉపాయములు లేకపోలేదు. కాని తెరచిన ద్వారమున మందుతోపాటు విషమును ప్రవేశించును. కనుక శాస్త్రజ్ఞులు నానోకణముల నాశ్రయించిరి. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. క్రొవ్వుతోనో, మరియొక పదార్థముతోనో చేసిన అతిసూక్ష్మమైన గుళికలో మందును నింపి రక్తములోనికి విడుతురు.

సూక్ష్మరూపము దాల్చినంతమాత్రమున ప్రవేశము లభింపదు. చిన్నవాడై వచ్చిన హనుమంతుని సైతము లంకిణి అడ్డగించెను గదా! గుళికకు లోని కణములు ఆదరించు వేషము కావలెను. 1995లో జర్మనీకి చెందిన యోర్గ్ క్రాయిటర్ బృందము, తనంతట మెదడు చేరలేని దలార్జిన్ అను నొప్పిమందును గుళికలలో చేర్చి, వాటికి పాలిసార్బేట్ 80 పూత పూసి ఎలుకలకిచ్చెను. మందు మెదడులో పనిచేసిన గురుతులు కనబడినవి. ఆ పూతకు రక్తములోని ఒక మాంసకృత్తు అంటుకొనుటచే, గోడకణములు గుళికను తమకు పరిచితమైన క్రొవ్వుకణముగా భావించి లోనికి గైకొనునని ఊహించుచున్నారు. ఎయిడ్సు మందులతోను ఇట్టి ప్రయోగములు ప్రయోగశాలలలో జరిగినవి.

2020 నాటి కోవిడు టీకాలలో కొన్ని క్రొవ్వు నానోకణములతోనే రూపొందినవి. అయినను మెదడులోని వైరసును తరుమగల గుళిక ఇంకను చికిత్సాలయము చేరలేదు. పెక్కు గుళికలను కాలేయమును, ప్లీహమును పట్టుకొనును. మెదడునకు చేరునది స్వల్పము. లోనికి పోయిన గుళిక యవశేషము మెదడునకు హాని చేయదని రుజువు కావలెను.

కావున మేము మనవిచేయు విషయ మొక్కటే. నేడున్న మందులలోను గోడను కొంత దాటగలవి కలవు. వానిని వైద్యుని సలహాపై ఒక్కపూటయైనను మానక వాడుటయే రోగికి రక్ష. కొత్త మందు వచ్చుననెడి ఆశతో చేతనున్న మందును విడువరాదు.