చెడిన బావి - క్రొత్త బావి



గోదావరి డెల్టాలో మంచినీటికి కొఱత యనిన దూరదేశములవారు నమ్మజాలరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువలును బోదెలును ఈ సీమకు నీటిని పంచుచున్నవి. అయినను సముద్రమునకు చేరువనున్న గ్రామములలో ఒక దొడ్డిలో తియ్యనీరు, ప్రక్క దొడ్డిలో ఉప్పునీరు పడుట అందఱు నెఱిగినదే. తియ్యనీరిచ్చెడి బావి చెడినపుడు చేయవలసినదేమన్నది నేటి ప్రసంగవిషయము.

తీరభూములలో మంచినీరు బరువైన ఉప్పునీటిపై తేలుచుండును. హాలండు ఇంజనీరు బాడన్ ఘైబెన్, జర్మనీ ఇంజనీరు హెర్జ్‌బెర్గ్ వేఱువేఱుగా దీనికొక లెక్క కనుగొనిరి. భూగర్భమందలి మంచినీరు సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున నిలిచినచో, ఆ మట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వఱకు మంచినీరుండును. అధికముగా తోడి ఆ ఒక్క అడుగును పోగొట్టుకొన్నచో ఉప్పునీరు క్రమముగా పైకి వచ్చును. ఇట్టిచోట బావి ఉప్పెక్కినదని ప్రక్కనే మఱింత లోతుగా బోరు వేయుట రోగమును పెంచుటయే యగును.

బావికి ఉప్పొక్కటియే రోగము కాదు. ఇనుము కలిసిన నీటిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు పెరిగి, ఎఱ్ఱని జిగురుగా గొట్టపు సందులను మూసివేయును. ఫిల్టరు పాయింటు మొదట చక్కగా పోసి, ఏండ్లు గడచినకొలది సన్నగిల్లుటకు ఇదియొక కారణము. నేలలో నీరు తగ్గలేదు. నీరు వచ్చు ద్వారము మూసికొన్నది. దీనిని గుర్తించు ఉపాయము సులభము. తోడకముందు నీటిమట్టమెంత, గంటసేపు తోడిన పిమ్మట ఎంత, ఆ గంటలో వచ్చిన నీరెంత అని వ్రాసికొనవలెను. తోడకముందటి మట్టము మాఱకయే, తోడునపుడు మట్టము మునుపటికంటె లోతునకు పోవుచు రాబడి తగ్గినచో ద్వారము పూడినదని అనుమానింపవలెను.

అట్టి బావిని వెంటనే విడువరాదు. తెలిసిన పనివారిచే గొట్టమును తోమించి, గాలియొత్తిడితో కడిగించి, బ్లీచింగు పొడి నీటిని నిలువయుంచి, వాసన పోవువఱకు తోడించిన చాలసార్లు కోలుకొనును. కాని బ్లీచింగు పొడిని ఆమ్లముతో నెన్నడును కలుపరాదు. ప్రాణాపాయకరమగు విషవాయువు పుట్టును. ఎన్నిమాఱులు కడిగినను రాబడి నిలువనపుడు, గొట్టము తుప్పుపట్టి చిల్లులుపడినపుడు, క్రొత్తబావియే శరణ్యము.

ఈ విషయమున, నేలను శుద్ధిచేయుటకే త్రవ్విన బావులు మంచిపాఠము నేర్పును. కర్మాగారముల వ్యర్థజలములు భూమిలోనికి ఇంకుట మన కెఱుకలేనిది కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వలన నక్కవాగు పరిసరముల భూగర్భజలము చెడినది. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినది. ఆ వాగు మంజీరలోను, మంజీర కందకుర్తి వద్ద గోదావరిలోను కలియును. ఎగువవారి కష్టము దిగువవారికి పరాయిది కాదు.

విషపడిన నేలకు అమెరికా మొదలగు దేశములలో ఒక చికిత్స కలదు. బావులు త్రవ్వి, చెడునీటిని ఎడతెగక తోడి, శుద్ధిచేయుదురు. తోడుచున్నంతకాలము పరిసరజలము ఆ బావివైపే వచ్చును గనుక విషము అవతలికి ప్రాకదు. అయితే ఆ బావులును జిగురుపట్టి పూడును. పూడిన బావి పైకి పనిచేయుచున్నట్లే యుండి, లోపల విషమును జాఱవిడుచును. అందుచేత చుట్టును పరిశీలకబావులుంచి మట్టమును కనిపెట్టుదురు. వీలైనంతవఱకు క్రొత్తబావి పనిలోనికి వచ్చిన పిమ్మటనే పాతదానిని ఆపుదురు. త్రవ్వగా వచ్చిన మట్టిని, నీటిని ఎక్కడపడిన అక్కడ పాఱబోయరు.

గ్రామమునకును ఇవియే సూత్రములు. పాతది చెడిన కారణము తెలియక క్రొత్తది త్రవ్వరాదు. చోటు మరుగుదొడ్డి గుంటలకు, ఉప్పునీటి రొయ్యలచెఱువులకు దూరముగా నుండవలెను. త్రవ్వునపుడు ఏ లోతున ఇసుక, ఏ లోతున బంకమట్టి తగిలినదో వ్రాసి, ఇసుకరేణువులకు తగిన సందులుగల గొట్టమునే దించవలెను. పైభాగమున గొట్టము చుట్టును సిమెంటుతో మూసి, మురుగు దిగకుండ చప్టా కట్టవలెను.

పాతబావిని నోరు తెఱచి విడుచుట మహాపరాధము. అది మురుగునకు రాజమార్గము; పసిపిల్లలకు మృత్యుముఖము. విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వఱకు పూడ్చవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించినది. తాగునీటిపొరలను కాపాడుటకు మధ్యనున్న బంకమట్టిపొరకు ఎదురుగా మరల బంకమట్టినో సిమెంటునో నింపుట మేలు.

ఈ పనులన్నిటికి మూలము వ్రాత. బోరు వేసిన మేస్త్రి జ్ఞాపకము అతనితోడనే పోవును. గ్రంథాలయములో ఊరిబావుల పుస్తకమొకటి యుంచి, ప్రతి బావి లోతు, తగిలిన మట్టి, వేసవిమట్టము, వర్షకాలపు మట్టము, నీటిరుచి వ్రాయుచు వచ్చినచో, పాతికేండ్లకు అంతకు మించిన గ్రంథము ఆ ఊరికి వేఱొకటి యుండదు. తాతలు వ్రాసిన ఆ పుటలను చదివి మనుమలు మంచినీరు త్రాగుదురుగాక!