ఫారంలో అడిగిన ప్రశ్నకు జవాబు



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై దరూద్, సలామ్‌లు పంపిన పిదప, ఈ శుక్రవారం ఒక ఇన్సూరెన్స్ కాగితం గురించి మాట్లాడదలిచాను. మింబరు మీద నుంచి ఇదేమి సంగతి అని ఆశ్చర్యపోకండి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ నమాజును గురించినది కాదు, ఉపవాసాన్ని గురించినదీ కాదు. అప్పు పత్రం ఎలా వ్రాసుకోవాలి, ఎవరు వ్రాయాలి, సాక్షులుగా ఎవరుండాలి అన్న విషయాన్ని గురించినది. కాగితం మీద మనం చేసే సంతకం కూడా దీన్‌లో భాగమే.

కొన్నాళ్ళ క్రితం మన జమాఅత్ యువకుడొకడు ఇషా నమాజు తర్వాత నా దగ్గర కూర్చున్నాడు. చేపల చెరువుల మీద బ్రతుకుతున్నవాడు. లోడు సంగతి చూసుకోవడానికి తెల్లవారుజామున కారులో బయలుదేరి, జాతీయ రహదారి మీద భీమడోలు దాటాక బోర్డు మీద వ్రాసిన వేగాన్ని మించి నడిపాడు. వారం తిరిగేసరికి సెల్‌ఫోనుకు ఈ-చలానా వచ్చింది, కారు ఫోటోతో సహా. జరిమానా కట్టేశాడు. ఇంతలో ఇన్సూరెన్స్ రెన్యువల్ గడువు దగ్గరపడింది. ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్ళ బావ ఫోనులో, అక్కడైతే ఇటువంటిది కంపెనీకి చెప్పి తీరాలని అన్నాడట. “హజ్రత్, నేను కూడా చెప్పాలా? ఊరుకుంటే గునాహ్ అవుతుందా?” అని అడిగాడు. నేను ఆలోచించేలోగా తానే మరొక మాట కలిపాడు: “అయినా ఇన్సూరెన్సే హరామ్ అంటారు గదా! హరామ్ వ్యవహారంలో నిజాయితీ ఏమిటి లెండి.”

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. ఆ రెండవ మాటే నన్ను చాలా సేపు పట్టి ఉంచింది. ఎందుకంటే ఆ మాట అతనొక్కడిదే కాదు. మనలో చాలా మంది మనసుల్లో ఉన్నదే.

ఇన్సూరెన్స్ విషయంలో ఉలమాల అభ్యంతరం నిజమైనదే. 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, నిర్ణీత ప్రీమియంతో నడిచే వాణిజ్య బీమా ఒప్పందాన్ని నిషిద్ధమని తీర్మానించి, దాని స్థానంలో పరస్పర సహకార పద్ధతిని సూచించింది. అయితే మన దేశంలో మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి 2000 రూపాయలు, మళ్ళీ దొరికితే 4000 రూపాయలు జరిమానా, జైలు శిక్షకూ అవకాశం ఉంది. చట్టం నిర్బంధించిన మేరకు అటువంటి బీమా తీసుకోవడానికి ఉలమాలు అనుమతి ఇచ్చారు. నిర్బంధం లేని మిగతా బీమాలపై అభిప్రాయభేదాలున్నాయి; ఆ చర్చ వేరొక రోజు చేసుకుందాం.

ఇక్కడ గ్రహించవలసినది, నిర్బంధం వల్ల లభించే సడలింపు ఆ నిర్బంధం ఉన్నంత మేరకే. చట్టం మిమ్మల్ని పాలసీ కొనమని నిర్బంధించింది. అందులో అబద్ధం వ్రాయమని ఎవరూ నిర్బంధించలేదు. ఆకలితో ప్రాణం పోతున్నవాడికి నిషిద్ధ ఆహారం ప్రాణం నిలిచేంత వరకే అనుమతి. దానితో విందు చేసుకొమ్మని కాదు గదా!

హిజ్రత్ రాత్రిని గుర్తు చేసుకోండి. మక్కా పెద్దలు దైవప్రవక్త (స) ఇంటిని చుట్టుముట్టి ప్రాణం తీయడానికి పన్నాగం పన్నారు. అదే మక్కావాసుల సొమ్ములు, విలువైన వస్తువులు ఆయన ఇంట్లో అమానత్‌గా ఉన్నాయి. శత్రువుల సొమ్మేనని ఆయన వెంట తీసుకువెళ్ళలేదు. ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి) ను అక్కడే ఉంచి వెళ్ళారు. ఎదుటివాడు ఎటువంటివాడు అన్నదానిని బట్టి మన అమానత్ మారదు. కంపెనీ పెద్దదనీ, వాళ్ళు కోట్లు సంపాదిస్తున్నారనీ చెప్పే సాకు ఈ సంఘటన ముందు నిలబడదు.

మరొక సాకు ఉంది. ఇది కొంచెం చదువుకున్నవాళ్ళు చెప్పేది. “మన తప్పులను బయటపెట్టుకోవద్దని, అల్లాహ్ కప్పి ఉంచినదానిని మనమే చాటుకోవద్దని హదీసులో ఉంది గదా, అందుకే చెప్పలేదు” అంటారు. హదీసు నిజమే, బుఖారీలో ఉంది. కానీ అది ఎవరికి సంబంధించినది? రాత్రి చేసిన పాపాన్ని తెల్లవారి గొప్పగా చెప్పుకు తిరిగేవాడికి. అది దాసుడికీ అల్లాహ్‌కూ మధ్య ఉన్న విషయం. ఇతరుల హక్కు ముడిపడిన చోట ఆ తెర వర్తించదు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. రైస్ మిల్లుల మధ్య బ్రతికే మనకు ఆ తడి సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. వాన పడటం ఆ వ్యాపారి తప్పు కాదు. దాచడం తప్పయింది.

హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ ఒకే నియమం ఉంది: నిజం చెప్పి, లోపాన్ని స్పష్టం చేస్తే వారి వ్యవహారంలో బర్కత్ కలుగుతుంది, దాచిపెట్టి అబద్ధమాడితే ఆ బర్కత్ చెరిగిపోతుంది. పాలసీ కొనేటప్పుడు కంపెనీ మన బండిని, మన నడకను మన మాట మీదనే నమ్ముతుంది. బీమా న్యాయశాస్త్రం కూడా దీన్ని పరిపూర్ణ విశ్వాసం మీద ఆధారపడిన ఒప్పందమనే అంటుంది.

ఇక ఆ యువకుడి మొదటి ప్రశ్న. ఇంగ్లండ్‌లో వేగానికి పడే శిక్షతో పాటు లైసెన్సు మీద సాధారణంగా 3 పాయింట్లు పడతాయి. అవి 4 సంవత్సరాలు లైసెన్సు మీద ఉంటాయి. కంపెనీలు సాధారణంగా గత 5 సంవత్సరాల శిక్షల గురించి అడుగుతాయి. అక్కడి 2012 నాటి చట్టం ప్రకారం, అడిగిన ప్రశ్నకు తప్పు జవాబు ఇవ్వకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం పాలసీదారు బాధ్యత. కాబట్టి వాళ్ళ బావ చెప్పినది సరైనదే. మన దగ్గర సాధారణంగా ప్రపోజల్ ఫారం చలానాల గురించి అడగదు. అడగనప్పుడు తానుగా కంపెనీకి ఉత్తరం వ్రాయవలసిన అవసరం అతనికి లేదు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు వ్రాయాలి. అదే అతనికి చెప్పాను. ఇది ఇలాగే ఉండిపోతుందనుకోకండి. హైదరాబాద్‌లో కేంద్ర కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ నియమించిన ఒక కార్యబృందం, ట్రాఫిక్ ఉల్లంఘనలను బట్టి ప్రీమియం పెంచాలని 2021లో సిఫారసు చేసింది. తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పుచోట బండి ఆపితే 10 పాయింట్లు అని లెక్క కూడా వేశారు. రేపు ఆ ప్రశ్న మన ఫారంలోకి వస్తే మన జవాబు సిద్ధంగా ఉండాలి.

ఈలోగా, మన ఫారంలో ఇప్పటికే ఉన్న ప్రశ్నల సంగతేమిటి? నిరుడు క్లెయిము తీసుకున్నారా అని అడుగుతుంది. క్లెయిము లేని సంవత్సరాలకు నో క్లెయిమ్ బోనస్ అని 20 శాతంతో మొదలై 25, 35, 45, చివరికి 50 శాతం దాకా సొంత నష్టపు ప్రీమియంలో తగ్గిస్తారు. క్లెయిము తీసుకుని కూడా, కంపెనీ మారి, తీసుకోలేదని వ్రాసేవారున్నారు. సొంత వాడకానికని తెల్ల బోర్డు కారుకు పాలసీ తీసుకుని, గన్నవరం విమానాశ్రయానికి గల్ఫ్ ప్రయాణికులను కిరాయికి తీసుకువెళ్ళేవారున్నారు. వేగం చలానా గురించి భయపడిన ఆ యువకుడు వీళ్ళకంటే ఎంతో నయం. ప్రమాదం జరిగిన రోజున ఆ అబద్ధం బయటపడితే, కంపెనీ క్లెయిము తిరస్కరించవచ్చు. దెబ్బ తిన్నవాడికి ఇవ్వవలసింది ఇచ్చి, దానిని బండి యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఆ భారం భార్యాపిల్లల మీద పడుతుంది.

నేను కూడా ఇందులో శుభ్రమైనవాడినని చెప్పుకోలేను. కొన్నేళ్ళ క్రితం ఒక పాత కారు కొన్నాను. ఏజెంటు ఫారం నింపి, టిక్కు పెట్టిన చోట సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. మరుసటి సంవత్సరం చదివితే తెలిసింది, అమ్మినతని బోనస్ నా పేరున వేసేశారని. ఆ బోనస్ మనిషిదే గాని బండిది కాదు. నాకు అర్హత లేదు. వ్యత్యాసం కట్టడానికి వెళితే ఏజెంటు నవ్వి, “ఎవరూ అడగరు, హజ్రత్” అన్నాడు. కట్టేసి రశీదు తీసుకున్నాను. చదవకుండా సంతకం పెట్టిన సంవత్సరం మాత్రం తిరిగి రాదు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) వ్యాపార భాగస్వామి లోపమున్న వస్త్రాన్ని, లోపం చెప్పడం మరచి అమ్మివేస్తే, ఆ సొమ్మంతా ఆయన దానం చేసేశారని చరిత్రకారులు వ్రాశారు. మరచిపోయినదానికే ఆయన అంత చేశారు.

వేగం గురించి ఒక్క మాట. చట్టం కారుకు 1000 నుంచి 2000 రూపాయలు, భారీ వాహనానికి 2000 నుంచి 4000 రూపాయలు జరిమానా పెట్టింది. హజ్జతుల్ విదాలో అరఫాత్ నుంచి తిరిగివస్తూ, వెనుక నుంచి ఒంటెలను గట్టిగా అదిలిస్తున్న సందడి విని దైవప్రవక్త (స), నెమ్మదిగా ఉండండని, పుణ్యం తొందరలో లేదని ప్రజలకు చెప్పారు. హజ్ దారిలోనే ఆ మాట చెప్పారంటే, చేపల లోడు దారిలో మనకు ఏమి చెప్పేవారో ఊహించుకోండి. ఇంకొకటి: కొడుకు నడిపిన బండికి తండ్రి పేరున చలానా వస్తే, నడిపినది ఎవరని అడిగినప్పుడు మరొకరి పేరు చెప్పకండి.

పాలసీ పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఈ రోజు అసర్‌కు వచ్చేటప్పుడు తీసుకురండి. తెలుగు, ఉర్దూ మాత్రమే వచ్చినవాళ్ళకు అందులోని ప్రశ్నలు నేను చదివి చెబుతాను. జవాబు మీరే చెప్పాలి. ఈ మాటలు చెప్పి, నా కొరకూ మీ కొరకూ అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను.