"పని చెప్పండి, అయ్యగారూ"

(మలికిపురములో పెద్దల కూడికయందు చేసిన ప్రసంగము)



ఏటేటా ఈ కూడికలో అరవై దాటినవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టి, దండలు వేసి, ప్రార్థించి పంపుచున్నాము. కిందటేడు ఒక విశ్రాంత ఉపాధ్యాయులు దండ తీసి నా చేతికిచ్చి, "దండలు చాలండి అయ్యగారూ, ఏదైనా పని చెప్పండి" అన్నారు. నేను సిగ్గుపడితిని. అంత అనుభవమున్న మనిషికి నేను చూపినది ఒక కుర్చీ మాత్రమే.

కాలేబు ఎనుబది అయిదేండ్ల వయస్సున యెహోషువను కొండసీమ అడిగెను గాని విశ్రాంతి అడుగలేదు. మన గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఉద్యోగము విరమించి స్వదేశము వెళ్లిన పిమ్మట, 1878లో, 75వ యేట, బ్రిటిషు పార్లమెంటు విచారణ సంఘము ఎదుట భారతదేశపు కాలువల కొరకు వాదించెను.

అంత దూరమెందుకు? లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు రేవు దాటవచ్చిన బాటసారులకు వేళ చూడక అన్నము పెట్టిరి. అంతర్వేది తీర్థమునకు బయలుదేరిన ఆమె, దారిలో ఆకలిగొన్న పెండ్లివారి మాటలు విని, వెనుకకు మరలి వారికి వండి పెట్టెనని మన పెద్దలు చెప్పుకొందురు. ఆమె 1909లో కన్నుమూసిరి. ఆమె మతము వేరైనను ఆ సేవ మనకు పాఠమే.

ఇక మన సంగతి. ఈ సీమనుండి ఎందరో తల్లులు ఇంటిపనికై కువైటు వెళ్లుచున్నారు. పదవ తరగతి పూర్తికాని స్త్రీ అట్లు వెళ్లుటకు 30 ఏళ్లు నిండవలెనని ప్రభుత్వ నిబంధన. ఏజెంటు చూపినచోట సంతకము పెట్టకముందు ఆ కాగితము చదివి చెప్పువారెవరు?

ఆ మాస్టారుగారే. ఆదివారము ఆరాధన ముగియగానే వరండాలో బల్ల వేసుకొని కూర్చుండుచున్నారు. మొన్న ఒక సోదరి కాగితము చూచి, "ఇది పని వీసా కాదమ్మా, చూచి వచ్చుటకు ఇచ్చేది" అన్నారు. ఆమె ప్రయాణము మానుకొనెను. తల్లి పరదేశమందున్న పిల్లలను ఒక మామ్మగారు సాయంకాలము తన అరుగుమీద చదివించుచున్నారు. ఇవన్నియు మోకాళ్ల నొప్పులున్నవారును చేయగల పనులే.

యౌవనస్థులారా, "మీరు కూర్చోండి తాతగారూ" అనుట మర్యాదే. అయితే "మీ సాయము కావాలండి" అనుట అంతకంటె పెద్ద మర్యాద.

ఈ యేడు దండలు తేలేదు. ద్వారమునొద్ద ఒక పుస్తకము పెట్టితిమి. పెద్దలారా, మీ పేరును, మీరు చేయగల పనిని అందులో వ్రాసి వెళ్లుడి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.