నల్లా బిల్లులో న్యాయం



ఆర్. విద్యాసాగర్‌రావు గారిని తలచుకుంటూ మాట్లాడమన్నారు. కేంద్ర జలసంఘంలో పనిచేసి, నదీజలాల లెక్కను మామూలు మనిషికి అర్థమయ్యేలా 'నీళ్లు-నిజాలు'లో రాసిన ఇంజినీరు ఆయన. రాష్ట్రానికి దక్కాల్సిన వాటా కోసం ఆయన కొట్లాడారు. నేను ఇంటికి దక్కాల్సిన వాటా గురించి, దానికి కట్టే పైసల గురించి చెబుతాను.

ఉస్మాన్‌సాగర్ నీళ్లు పల్లానికి వాటంతటవే హైదరాబాద్ నగరంలోకి దిగివచ్చేవి. కృష్ణా నీళ్ల సంగతి వేరు. అక్కంపల్లి నుంచి కోదండాపూర్ చేరి, అక్కడ శుద్ధయి, మన ఇబ్రహీంపట్నం దిక్కు గున్‌గల్ దాకా ఎక్కి, అక్కడి నుంచి సాహెబ్‌నగర్‌ చేరాలి. 2004, 2008, 2015లలో మూడు దశలు పూర్తయ్యాయి. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. గున్‌గల్ ఎక్కేదాకా దారి పొడుగునా పంపులే. నీళ్లు దేవుడిచ్చినవి, బిల్లెందుకని అడిగేవాళ్లున్నారు. నీళ్లు దేవుడివే, మోటారు కరెంటు మాత్రం కాదు. కాబట్టి ఎవరో ఒకరు కట్టాలి. ఎవరు, ఎంత అన్నదే పేచీ.

2020 గ్రేటర్ ఎన్నికల్లో ఇచ్చిన మాట ప్రకారం, 2021 జనవరిలో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. ఐదుగురున్న ఇంటికి లెక్కేస్తే మనిషికి రోజుకు 133 లీటర్లు. మురుగు కాలువలున్న నగరాలకు కేంద్రం పెట్టిన ప్రమాణం 135. లెక్క బాగానే కుదిరింది. దక్షిణాఫ్రికాలో ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చేది 6 వేల లీటర్లే. దాంతో పోలిస్తే మనది పెద్ద చెయ్యే.

అయితే మీటరు మనుషుల్ని లెక్కపెట్టదు. అసలు అన్యాయం అక్కడ మొదలవుతుంది. శివారు కాలనీలో ఒక ఇల్లు తీసుకోండి. కింద రెండు, పైన రెండు, నాలుగు పోర్షన్లు. సంపు ఒకటే, మోటారు ఒకటే, నల్లా కనెక్షన్ ఒకటే. పోర్షన్‌కు నలుగురి చొప్పున పదహారు మంది. తలకు రోజుకు వంద లీటర్లే వాడినా నెలకు 48 వేల లీటర్లు. ఉచితం పోగా 28 వేల లీటర్లకు బిల్లు పడుతుంది, దానిమీద మురుగునీటి సెస్సు. ఓనరు దాన్ని నాలుగు భాగాలు చేసి కిరాయితో పాటు వసూలు చేస్తాడు. అదే వీధి చివరి డూప్లెక్సులో ముగ్గురే ఉంటారు. కారు కడిగి, తోట తడిపి, తలకు 220 లీటర్లు ఖర్చుపెట్టినా వాళ్ల బిల్లు సున్నా. వాడకం పెరిగేకొద్దీ రేటు పెంచే శ్లాబు పద్ధతి పుట్టింది దుబారాకు ముకుతాడు వేయడానికి. అది వచ్చి కిరాయిదారు మెడకు చుట్టుకుంది.

ఢిల్లీలో ఇంకో తిరకాసు: 20 వేల లీటర్ల మీద ఒక్క లీటరు దాటినా మొత్తానికీ కట్టాల్సిందే. అక్కడ ఉమ్మడి కుటుంబాల అవస్థ ఊహించుకోండి.

ఇక నల్లానే లేనివాళ్లు. జలమండలి ట్యాంకరు 5 వేల లీటర్లకు 500 రూపాయలంటే వెయ్యి లీటర్లకు 100. పైపు నీటి తొలి శ్లాబు వెయ్యికి 10 రూపాయలే. ఇక ఎండాకాలంలో ప్రైవేటు ట్యాంకరువాడు చెప్పిందే రేటు. బోరు ఎండిపోయిన ఇంటి ఇల్లాలిని అడగండి, సబ్సిడీ ఎవరికి అందుతోందో చెబుతుంది. నల్లా ఉన్నవాడికి రేటు పెంచకపోవడాన్ని పేదల పక్షమని మన నాయకులు అనుకోవడం నాకెప్పుడూ వింతే.

మిషన్ భగీరథ పల్లెలో మనిషికి 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150 అని పెట్టుకుంది. చూశారా, అక్కడ లెక్క తలకాయకే, కనెక్షన్‌కు కాదు. ఇప్పుడు ఔటర్ రింగురోడ్డు లోపలి పెద్ద అంబర్‌పేట, తుర్కయాంజాల్ నగరంలో కలిశాయి. మన అబ్దుల్లాపూర్‌మెట్ ఆ రోడ్డుకు అవతలే ఉంది. రేపు ఇక్కడిదాకా వచ్చే బిల్లు ఏ లెక్కన వస్తుందో అడగాల్సిన సమయం ఇదే.

చేయలేనిదేమీ కాదు. అపార్ట్‌మెంట్లలో మీటరు ఒకటే ఉన్నా, ఆధార్ జోడించిన ప్రతి ఫ్లాటుకూ విడిగా 20 వేల లీటర్లు లెక్కగట్టి ఇచ్చారు. ఆ మర్యాదే పోర్షన్లకూ ఇవ్వొచ్చు. కిరాయి కుటుంబం పేరు ఓనరు ఇష్టంతో పనిలేకుండా ఆ కనెక్షన్ కింద నమోదు కావాలి. ఖాళీ చేస్తే కొట్టేయాలి. పోర్షన్లు చూపిస్తే ఇంటిపన్ను పెరుగుతుందని ఓనర్లు భయపడతారు. అందుకే నీళ్ల రిజిస్టరును పన్ను వాళ్లకు ఇవ్వబోమని ముందే రాసివ్వాలి. ఇవి జరిగాక, 30 వేల లీటర్ల పైన వాడే కుటుంబానికి రేటు పెంచుతామంటే నేనూ చెయ్యెత్తుతాను.