దోమలు - సుగంధ తైలములు



కొవ్వూరు, నిడదవోలు ప్రాంతములవారికి బోదకాలు పుస్తకములలో చదివిన వ్యాధి కాదు. ఇరుగుపొరుగున కన్నులార చూచిన వ్యాధి. పలువురు దీనికి కాలువనీటిని నిందింతురు. త్రాగిన నీటివలన ఇది రాదు. బోదకాలి పురుగు దోమ దేహములో పెరుగునని 1877లో చైనాలో నున్న పాట్రిక్ మాన్సన్ కనిపెట్టెను. మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ దోమ కడుపులో చూచినది 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులోనే. కావున దోమను ఒంటిపై వాలనీయకుండుటయే మన పని. అందులకు సుగంధ తైలములు ఎంతవరకు అక్కరకు వచ్చునో మనవిచేసెదను.

దోమ మన జాడను ముఖ్యముగా వాసనవలన తెలిసికొనును. మన ఊపిరియు చెమటయు దానికి దారి చూపును. నిమ్మగడ్డి, సిట్రోనెల్లా గడ్డి తైలములు చర్మముపైనుండి ఆవిరియై లేచి ఆ జాడను చెరపును. నిమ్మవాసనగల నీలగిరి ఆకుల తైలమునుండి శుద్ధిచేసిన మందు వీనికంటె ఎక్కువసేపు నిలుచును. దానిని మూడేండ్లలోపు పిల్లలకు రాయరాదు. ఏ తైలమునైనను పచ్చిగా పూసికొన్నచో చర్మము మండును. ఒక చెంచా తైలమునకు పది చెంచాల కొబ్బరినూనె కలుపవలెను. కన్నులకు, పెదవులకు తగులనీయరాదు.

ఆవిరియగుటయే ఈ తైలముల గుణము, దోషమును అదియే. గడ్డితైలముల బలము గంట రెండుగంటలలో తీరిపోవును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమయో, రాత్రి ప్రొద్దుపోయిన కొలది విజృంభించును. రోగి దేహములోని పురుగుపిల్లలును పగలు లోపల దాగి, నడిరేయి చర్మము దగ్గరి రక్తములోనికి వచ్చును. ఆ రెండింటికి పొత్తు కుదురు వేళకు మన తైలము ఎగిరిపోయి యుండును! దీపాలవేళ తైలము రాసికొని ధీమాగా పండుకొన్నవాడు అర్ధరాత్రమున రాసికొననివానితో సమానుడే.

కావున గోష్పాదరేవున చల్లగాలికి కూర్చుండువారికి, అరుగుపై ముచ్చటలాడువారికి తైలము మేలు. పగటివేళ కుట్టి డెంగీ తెచ్చు దోమకును, మరల మరల రాసికొన్నచో, పనికివచ్చును. పడకకు మాత్రము దోమతెర కావలెను. దాని అంచులను పరుపుక్రింద దోపవలెను. వేపాకు పొగ సంగతి అడుగుదురేమో. దానికి దోమ పోవునో లేదో గాని, ఇంటివారు మాత్రము దగ్గుచు వీధిలోనికి పోవుదురు.

ఇక క్యూలెక్సు పుట్టిల్లు పారెడి పెద్దకాలువ కాదు. మన నూతిదగ్గర నిలిచిన మురుగుగుంట. గ్రుడ్డునుండి రెక్కలదోమ యగుటకు ఇంచుమించు పదిదినములు పట్టును. వారమునకొక మారు ఆ గుంటను తోడి ఎండగట్టుడు. మరుగుదొడ్డి తొట్టి గాలిగొట్టమునకు సన్నని వల కట్టుడు. దోమలు గ్రుడ్లు పెట్టుటకు దిగు దారి అదియే.